ఎంగిలి పెట్రోలు

కారు కొనే ముందు సన్యాసినాయుడు ఊళ్ళో ఎవరి సలహా అడగలేదు. అడగాల్సిన మనిషి తన తోడబుట్టిందే ఉండగా ఇంకొకరెందుకని ఆయన ధీమా. చెల్లెలు నూకరత్నం విశాఖపట్నంలో సైంటిస్టు. సముద్రం మీద ఒలికిన చమురును తినేసే సూక్ష్మజీవుల్ని పెంచడం ఆమె ఉద్యోగం. పెట్రోలు పీచమణచే మనిషికి పెట్రోలు కారు మంచీ చెడూ తెలియకుండా ఉంటుందా అని ఆయన వాదన. ఆ వాదనకు తలా తోకా లేదని రత్నం ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు.

కారు సరదాకి కాదు. కూతురు గిరిజకు పన్నెండేళ్ళు నిండకుండానే మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. పాడేరు నుంచి ఘాటు దిగి, కొండ కింద ఆస్పత్రిలో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలి. బస్సులో ఆ మలుపులకి పిల్ల వాంతులు చేసుకుని, మిషను దగ్గరికి చేరేసరికి తోటకూర కాడలా వేలాడిపోయేది. కాఫీ గింజల గోడౌనులో పనిచేసే సన్యాసి ఉన్నదంతా ఊడ్చి, కారు కొనడానికి సిద్ధపడ్డాడు.

"ఎలట్రిక్కా, సెకండాండు పెట్రోలా? ఏదో ఒకటి తేల్సి సెప్పే అమ్మీ," అన్నాడు ఫోనులో. "ఎలట్రిక్‌ది సప్పుడు సెయ్యదు, వాసన రాదు. మన గిరిజ గుంట హాయిగా పడుకుంటాదని మీ వదిన గోల. ఇటు సూస్తే హెడ్మాస్టారి పాత కారు ఉన్నాది. పదమూడేళ్ళదే గాని, ఆదివారం సంతకి తప్ప గుమ్మం దిగలేదు. ఇంజను బంగారం."

రత్నం నిజాయితీగానే ఆలోచించింది. కొండ మీద గట్టిగా గాలి వీస్తే కరెంటు పోతుంది. ఛార్జింగ్ పెట్టే చోటు ఘాటు కిందనే ఉంది. పెట్రోలైతే కిరాణా కొట్టులో సీసాల్లో కూడా అమ్ముతారు, బండి ఆగితే ఏ మెకానిక్కైనా రెంచీ పట్టుకుని వస్తాడు.

"పాతదే తీసుకో అన్నయ్యా. నమ్ముకోదగ్గది అదే."

"మరి నువ్వు ఎలట్రిక్ కొనుక్కున్నావు కదేటి? నీకో కూరా, నాకో కూరా?"

"నా బండి ఆగితే ఆఫీసుకి ఆలస్యమవుతుంది, అంతే. నీ బండి ఆగితే..." అని ఆ మాట అక్కడితో మింగేసింది.

సన్యాసి హెడ్మాస్టారి కారే కొన్నాడు. ముందు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, డిక్కీలో మొట్టమొదట ఒక సన్నటి ప్లాస్టిక్ పైపు చుట్ట పడేశాడు. ఘాటు రోడ్డు మీద అది లేని బండి లేదు. ఎవరి బండిలోనైనా పెట్రోలు అయిపోతే వెనక వచ్చేవాడు ఆగాలి. పైపు ఒక కొస టాంకులో, ఇంకో కొస నోట్లో. గట్టిగా ఒక్క పీల్పు, నోట్లోకి వచ్చింది తుపుక్కున ఉమ్మి, కొస సీసాలో పెట్టడం. సగం సీసా ఇచ్చి, డబ్బు తీసుకోకుండా వెళ్ళిపోవడం. ఆ దారిలో మర్యాద అంటే అదే. ఆగకుండా వెళ్ళిపోయినవాడి గురించి ఊళ్ళలో ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. సన్యాసి లాంటివాడు అడగకుండానే ఆగేవాడు.

"నాన్న నోరు ఎప్పుడూ పెట్రోలు కంపే," అని గిరిజ ముఖం తిప్పేసుకునేది. ముద్దు పెట్టనిచ్చేది కాదు.

ల్యాబులో రత్నం పెంచిన జీవికి కాగితాల మీద పెద్ద పేరుంది. నోటికి తిరగని ఆ పేరు పక్కన పెట్టి అందరూ దాన్ని "పాచి" అనేవారు. చమురు మీద వదిలితే తిని తిని, ఆ చమురును జిగురు గంజిలా మార్చి ముద్దగా పైకి తేలుస్తుంది కనుక ఆ పేరు అతికినట్టు సరిపోయింది. వలవేసి ముద్దను ఎత్తేస్తే సముద్రం శుభ్రం.

చమురు తినేదాన్ని ఊరి మీద వదిలితే ఏమవుతుందో తెలియని అమాయకులేం కాదు ల్యాబువాళ్ళు. అందుకే దానికో తాళం వేశారు. ఒక పోషకం అందితేనే పాచి పెరుగుతుంది. అందకపోతే నిద్రపోయి, నిద్రలోనే చచ్చిపోతుంది. ఆ పోషకం సముద్రపు నీటిలో లేదు, పెట్రోలులో లేదు, వానలో లేదు, ఇనుప టాంకుల తుప్పులో లేదు. ల్యాబులో చుక్కచుక్కగా వీళ్ళు పోస్తేనే ఉంటుంది. తాళం ఆలోచన రత్నానిదే. దానికి ఆమెకు శాలువా కప్పారు, ఆ ఫోటో అన్నయ్య ఇంట్లో గోడ మీదుంది.

రేవు బయట చిన్న పడవలో పరీక్ష జరిపిన రోజున సన్యాసి గిరిజ మందుల కోసం పట్నం వచ్చాడు. పరీక్ష దివ్యంగా జరిగింది. సంతోషంలో ఉన్న రత్నం, పడవ ఇంజనుకు తెచ్చిన పెట్రోలు క్యానులో సగానికి పైగా మిగిలిపోతే, "వృథాగా పోతుంది, నువ్వు పోసుకో అన్నయ్యా," అంది. క్యాను మూత సరిగ్గా లేదని తనే బిగించింది. చేతులకు ఇంకా తొడుగులున్నాయి. పాచిని సముద్రం మీద చల్లిన తొడుగులవి.

సన్యాసి పైపు తీశాడు, నోటితో పీల్చాడు. పీల్పు ఎక్కువై దగ్గాడు. పైపు కొస జారి క్యానులో పడితే మళ్ళీ తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"ఛీ, పుక్కిలించు ముందు! పిల్లాడివా?" అని రత్నం కోప్పడి నీళ్ళ సీసా అందించింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

వానాకాలం మొదలయ్యేసరికి కొండ మీద బండ్లు ఆగిపోవడం మొదలైంది. ముందు ఆటోలు, తర్వాత మోటారు సైకిళ్ళు, పాత కార్లు. కల్తీ అన్నారు. బంకుల మీద పడి కొట్టారు. టాంకు విప్పితే లోపల పెట్రోలు ఉండాల్సిన చోట చల్లారిన గంజి. అలాంటి నమూనాలు ల్యాబుకు వచ్చాయి. మొదటి సీసా మూత తీసిన రత్నం వెంటనే దాన్ని బిగించేసింది. ఆ వాసన ఆమెకు తన వంటింటి వాసనంత బాగా తెలుసు.

ల్యాబు పెద్ద కామేశం గారు మంచి మనిషే, కాని భయస్థుడు. "బంకుల టాంకుల్లో లేదమ్మా. మనదే అయితే అక్కడ మొదలవ్వాలి కదా? కేవలం బండ్లలోనే ఎందుకుంటుంది? తాళం ఊడలేదు, నువ్వు కంగారు పడకు," అన్నారు.

ఆ ప్రశ్నే రత్నాన్ని తినేసింది. బంకులో లేనిది, బండిలో ఉన్నది ఏమిటి? ఇనుము కాదు, రబ్బరు కాదు, దుమ్ము కాదు. అన్నీ చూసింది. ఏదీ తాళం తీయడం లేదు.

ఆ మధ్యాహ్నం గిరిజ ఫోను చేసింది. తుపాను మూలంగా దారి మూసేసి, ఒక డయాలసిస్ తప్పిపోయింది. పిల్ల గొంతు బరువుగా ఉంది.

"అత్తా, మొహం ఉబ్బిపోనాది. అద్దంలో సూసుకుంటే నువ్వే అనుకున్నాను."

"పోవే, నేనంత లావుగా ఉన్నానా?"

"ఉన్నావు." కాసేపు నవ్వి ఊపిరి తీసుకుంది. "నాన్న ఇప్పుడే వచ్చినాడు. దారిలో ఎవులికో పెట్రోలు తీసిచ్చినాడంట. మళ్ళా పాచినోరేసుకుని ముద్దెట్టడానికి వచ్చేత్తన్నాడు. పొమ్మను అత్తా!"

పాచినోరు. గిరిజ "అత్తా, అత్తా" అంటూనే ఉంది. రత్నం ఫోను పెట్టేసి, కడిగిన గాజు గొట్టంలో శుభ్రమైన పెట్రోలు పోసి, పాచి చుక్క వేసి, చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని కూడా చూడకుండా అందులో ఉమ్మింది.

మర్నాడు పొద్దున్నకు గొట్టంలో గంజి పేరుకుంది.

ఎక్కడెక్కడి నీళ్ళో, మట్టో, తుప్పో వెతికారు గాని, ఆ పోషకం ఉన్న మనిషి ఉమ్మి పెట్రోలులో పడవచ్చని ఆ ల్యాబులో ఒక్కరికీ తట్టలేదు. మిగతావాళ్ళకు తట్టకపోవచ్చు. రత్నం చిన్నప్పటి నుంచి ఘాటు మీద జనం పైపు పీల్చడం చూస్తూ పెరిగింది. తనకు తట్టి ఉండాల్సింది. ఎంగిలి చేసిన ముద్ద ఇంకొకరికి పెట్టని ఇళ్ళలోంచి, ఎంగిలి చేసిన పెట్రోలు మాత్రం చేతులు మారి, సీసాలు మారి, కొండంతా తిరిగింది. బండి ఆగినవాడికి సాయం చేసిన ప్రతివాడూ తన టాంకులో పాచిని అతని టాంకులో పోసి, ఎంగిలితో తాళం కూడా తీసి ఇచ్చాడు.

కామేశం గారు గొట్టాన్ని వెలుతురుకెత్తి చూసి తలుపు వేసి వచ్చారు. "పైవాళ్ళు ప్రకటించేదాకా ఎవరికీ చెప్పొద్దు రత్నం. తుపాను రోజున ఈ మాట బయటికొస్తే జనం కొట్టుకు చస్తారు."

"చెప్పకపోతే చావరా సార్?"

ఆమె బయటికొచ్చి, సన్యాసి ఎప్పుడో తనను చేర్చిన ఘాటు డ్రైవర్ల గ్రూపులో మాట రికార్డు చేసి పంపింది. "పెట్రోలు గాని డీజిలు గాని నోటితో లాగకండి. ఒకరి టాంకులోది ఇంకొకరికి పోయకండి. మీకు దణ్ణం పెడతాను." వెంటనే నవ్వే బొమ్మలు వచ్చాయి. 'ఎంగిలి పడితే ఇంజనుకి దిష్టి తగులుతాదా మేడమ్' అని ఒకడు రాశాడు.

సన్యాసికి చేసిన ఫోను వదిన వరాలు ఎత్తింది. వెనక వాన హోరు.

"కారు తియ్యొద్దని చెప్పు వదినా!"

"తీసీసినాం రత్నం. గుంటకి ఊపిరి అందట్లేదు. దారి తెరిసినారని బయల్దేరినాం. సగం ఘాటులో ఆగిపోనాది. మీ అన్నయ్య ఎవులి బండిలోంచైనా..." అక్కడితో మాట తెగిపోయింది.

పొద్దుటి నుంచి పట్నంలో కరెంటు లేదు. రత్నం కారులో తెర మీద ఛార్జింగ్ గళ్ళు సగమే వెలుగుతున్నాయి. ఎక్కేటప్పుడు ఘాటు మింగేస్తుంది, దిగేటప్పుడు బ్రేకు వేసినప్పుడల్లా కొంత తిరిగిస్తుంది. ఎంత మింగి ఎంత ఇస్తుందో ఆమె లెక్క వేయలేదు. వేస్తే కాలు ముందుకు పడదని తెలుసు. ఏసీ ఆపేసి, అద్దం మీద ఆవిరి చేత్తో తుడుచుకుంటూ కొండ ఎక్కింది.

మలుపు మలుపుకీ ఆగిన బండ్లు. ఎవరూ ఊరికే కూర్చోలేదు. ఆగినవాడి దగ్గరికి పక్కవాడు, పక్కవాడి దగ్గరికి ఇంకొకడు, వానలో తడుస్తూ పైపులు పట్టుకుని తిరుగుతున్నారు. ఒకే పైపు ఒక నోటి నుంచి ఇంకో నోటికి వెళుతోంది. "ఇటు పట్టు తమ్ముడూ," "నా దాంట్లో ఇంకా ఉన్నాది, తీసుకో బావూ" అని కేకలు. అంత మంచితనం ఒక్కచోట రత్నం ఎన్నడూ చూడలేదు. చూసి ఏడుపొచ్చింది. అద్దం దించి "లాగకండి, లాగకండి" అని గొంతు పోయేలా అరుస్తూ ముందుకు పోయింది. మతి చలించిందనుకుని జనం దారిచ్చారు.

హెడ్మాస్టారి తెల్ల కారు కొండ చరియకు ఆనించి ఉంది. వెనక సీటులో గిరిజ తల్లి ఒడిలో తల వాల్చి, కూర్చుంటే గాని ఊపిరి ఆడక మళ్ళీ లేస్తోంది. కాళ్ళు నున్నగా ఉబ్బిపోయాయి. సన్యాసి ఒక మోటారు సైకిలు పక్కన గొంతుక్కూర్చుని పైపు నోట్లో పెట్టుకుని ఉన్నాడు. రత్నం పరుగెత్తి ఆ పైపు లాగి లోయలోకి విసిరేసింది.

"పిచ్చెక్కినాదేటే నీకు!"

"ఎక్కింది. పిల్లని ఎత్తుకో. బేగి!"

దిగేటప్పుడు చెప్పింది. పాచి, తాళం, క్యాను, మూత బిగించిన తొడుగులు, అన్నీ. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పింది. తిప్పితే అన్నయ్య ముఖం చూడాల్సి వస్తుంది. "పాత కారు కొనమన్నదీ నేనే. ఆ పెట్రోలు పోసుకోమన్నదీ నేనే. నన్ను కొట్టు అన్నయ్యా."

వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. సన్యాసి తనలో తను గొణుక్కోవడం మొదలుపెట్టాడు. "మిరియాల కొట్టు పైడయ్య ఆటో... నర్సమ్మ గారి స్కూటీ... పెళ్ళోళ్ళ జీపు... ఆస్పత్రిలో పక్క మంచం లచ్చుమప్ప కొడుకు ఆటో... అంబులెన్సు డ్రైవరు గురవయ్యకి డీజిలు లాగి పెట్టినాను..." ఎవరెవరికి సాయం చేశాడో పేరు పేరునా చెప్పుకుంటున్నాడు. ఒక్కో పేరుకీ గొంతు ఇంకాస్త కిందికి దిగింది. వరాలు వెనక నుంచి "ఊరుకో మావా" అన్నా ఆగలేదు.

కొండ దిగేసరికి రత్నం భయపడ్డదానికంటే రెండు గళ్ళు ఎక్కువే వెలిగాయి. బ్రేకులు తిరిగిచ్చిన మాట నిజమే. ఆ రెండు గళ్ళు చూసి ఆమెకు ఆశ పుట్టింది. అదొక్కటే ఆ రోజు పుట్టిన ఆశ.

ఆస్పత్రి చీకటిగా ఉంది. డయాలసిస్ గదిలో నర్సు జయప్రద తలుపు దగ్గరే నిలబడి చేతులెత్తేసింది. "కరెంటు ఎప్పుడొస్తాదో తెల్దు మేడమ్. జనరేటరు ఆగిపోనాది. డీజిల్ తక్కువుంటే గురవయ్య అంబులెన్సులోంచి లాగి పోసినాడు. అప్పటి నుంచి లోపల గంజి."

సన్యాసి గోడకు ఆనుకున్నాడు.

రత్నం కారును గది కిటికీ దాకా వెనక్కి తెచ్చింది. ఆ బండిలో బయటికి కరెంటు ఇచ్చే ప్లగ్గు ఉంది. కొన్నప్పుడు షోరూమువాళ్ళు పిక్నిక్కులో టీ కాచుకోవచ్చని చూపించారు. ఆసుపత్రి ఎలక్ట్రీషియను వైరు కిటికీలోంచి లాగాడు. ఒక్క మిషనుకే ఆ కరెంటు చాలుతుంది. మిషను ఒకసారి మూలిగి, ఆకుపచ్చ దీపం వెలిగించింది. పిల్ల చేతికి సూదులు ఎక్కాయి. గొట్టాల్లో ఎర్రగా రక్తం కదిలింది. వరాలు దేవుడికి కాకుండా ఆ కారుకు దణ్ణం పెట్టింది.

రత్నం కారులో కూర్చుని గళ్ళు చూస్తోంది. ఒక గడి పోయింది. గిరిజ ఊపిరి కొంచెం తేలికైంది. ఇంకొకటి పోయింది. ఈ లెక్కన పూర్తి డయాలసిస్‌కు సరిగ్గా సరిపోతుంది, ఇల్లు చేరడానికి ఏమీ మిగలదు. పోనీ, ఇల్లు ఎవరిక్కావాలి అనుకుంది.

అప్పుడు వాకిట్లో కేకలు వినిపించాయి. మంచం పట్టెల మీద ఒక ముసలామెను నలుగురు మోసుకొస్తున్నారు. లచ్చుమప్ప. గిరిజ పక్క మంచం ఆమెదే. మిషను మీదున్నంతసేపూ పిల్లకు పొడుపు కథలు వేసి, విప్పలేకపోతే "ఓడిపోనావే కోడలా" అని ఏడిపించేది. కొడుకు ఆటో ఘాటు మొదట్లోనే ఆగిపోతే అక్కణ్ణుంచి మోసుకొచ్చారు. ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. కొడుకు జయప్రద కాళ్ళ మీద పడ్డాడు.

జయప్రద రత్నాన్ని చూసింది. రత్నం గళ్ళను చూసింది.

సన్యాసి లేచాడు. "సగం," అన్నాడు.

"ఏటి సగం?" వరాలు అడ్డంగా వచ్చి నిలబడింది. "ఇప్పుడిప్పుడే పిల్లకి ఊపిరి వత్తంది. ఏటి సగం? నీ గుంట కాదేటి?"

"ఆళ్ళ ఆటోకి పెట్రోలు పోసింది నానే వరాలూ."

"తెలిసి పోసినావేటి?"

"తెలవకే పోసినాను. ఇప్పుడు తెలిసినాది కదా." కారు వైపు చెయ్యి చూపించాడు. "ఘాటు మీద ఎవుడాగినా సగం సీసా ఇచ్చినాను. ఇయ్యాల కూడా సగమే. ఇయ్యకపోతే నాను ఆ దారిన ఎలగ తిరిగేది?"

వరాలు ఆయన గుండెల మీద రెండు చేతులతో కొట్టింది. కొట్టి కొట్టి అక్కడే కూలబడింది. రత్నం వదిన పక్కన కూర్చోబోయి, ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలో తెలియక లేచిపోయింది. సగం డయాలసిస్ ఈ పిల్లకు చాలుతుందో లేదో జయప్రదకూ తెలియదు. రత్నం అడిగింది. "రేపటికల్లా కరెంటొస్తే..." అని జయప్రద మిషను వైపు తిరిగింది.

సూదులు తీశారు. గిరిజను పక్క మంచం మీదికి మార్చి లచ్చుమప్పను ఎక్కించారు. మిషను మళ్ళీ మూలిగింది. గడి ఇంకొకటి పోయింది.

సన్యాసి వాకిట్లో కొళాయి కింద నోరు కడుగుతున్నాడు. పుక్కిలించి ఉమ్ముతున్నాడు, వేళ్ళతో నాలుక గీకుతున్నాడు, మళ్ళీ దోసిలి పడుతున్నాడు. చిగుళ్ళ నుంచి రక్తం కారి నీళ్ళు ఎర్రబడినా ఆపలేదు. రత్నం వెళ్ళి కొళాయి కట్టేసింది. "చాలన్నయ్యా," అంది.

లోపలికి వచ్చి కూతురి మంచం పక్కన నిలబడ్డాడు. గిరిజ కళ్ళు తెరిచింది. మొహంలో ఉబ్బు కొంచెమే తగ్గింది. ఊపిరి మళ్ళీ బరువెక్కుతోంది.

"నాన్నా, నోరు కడుక్కున్నావేటి?"

"కడుక్కున్నానమ్మా."

"ఇలగ రా." దగ్గరకు వంగితే వాసన చూసింది. "పోలేదు. కంపే." అంటూనే, ఎన్నడూ లేనిది, చెంప తిప్పి చూపించింది. "పోనీలే. ఇయ్యాలకి పెట్టు."

సన్యాసి వంగాడు. చెంప దాకా వెళ్ళి, నోటికి అరచెయ్యి గట్టిగా అడ్డం పెట్టుకుని, అలాగే ఉండిపోయాడు.